రూటర్ రబ్బరు కాళ్ళు

భూతద్దం ఆఫీసు తలుపు తోసుకుని ఓ నర్సు పరుగున వచ్చింది. భూతద్దాన్ని జన్మలో చేత్తో పట్టని ఆ డిటెక్టివుకు ఆ పేరెవరు పెట్టారో గానీ, ఊరంతా అలాగే పిలుస్తుంది. శిష్యుడు మంచినీళ్ళు అందించాడు.

"విడాకులయ్యాక పాప వాళ్ళ నాన్న దగ్గరే ఉంటోందండీ. వారానికోసారి వీడియోలో చూసుకోనిచ్చింది కోర్టు. అదీ నేనుంటున్న మా అన్నయ్య ఇంటి నుంచే, ఇంటి నెట్ మీదే. కాల్ మొదలైన కాసేపటికే నెట్ చచ్చిపోతోంది. నేనే కావాలని కట్ చేస్తున్నానంటున్నాడు వాళ్ళ నాన్న. ఇవాళ కూడా తెగితే పాప నాకిక దక్కదండీ!"

"మెకానిక్ ఏమంటాడు?"

"వచ్చినప్పుడల్లా కాసేపు చూసి, బాగానే ఉందని వెళ్ళిపోతాడు."

శిష్యుడి గుండె తరుక్కుపోయింది. గురువుగారు తలుచుకుంటే ఇదెంత పని అని ధైర్యం చెప్పుకున్నాడు.

ఇల్లు చిన్నది. ముందు గదిలో నర్సు అన్నయ్య బూట్లకు అడుగులు అతికిస్తున్నాడు. అదే ఆయన వృత్తి. రబ్బరును గరుకు కాగితంతో రుద్ది, పసుపుపచ్చ సొల్యూషన్ పూసి, బలంగా నొక్కుతున్నాడు. వదిన మర్యాదకైనా నవ్వలేదు.

"వారం వారం ఆ ఫోనూ, ఆ ఏడుపూ! ఆ నెట్ పెట్టె పోతే పీడా పోతుంది," అంది.

భూతద్దం మెకానిక్‌నూ పిలిపించాడు. "ఈ రూటర్ ఎప్పుడైనా విప్పావా?"

"దీన్ని లేదు సార్. పాతది పాడైనప్పుడు ఈయనా, వాళ్ళావిడా చూస్తుండగానే విప్పి చూపించా. చిప్ మీద అల్యూమినియం బిళ్ళ ఉంటుంది, అది లేకపోతే వేడెక్కి పడుకుంటుందని చెప్పా."

భూతద్దం ముందు మోడెమ్ విప్పాడు. లోపల దుమ్ము తప్ప ఏమీ లేదు. రూటర్‌ను తిరగేసి, దాని రబ్బరు కాళ్ళు పీకి, ఒకటి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"గరుగ్గా ఉంది, గురువుగారూ. పసుపుపచ్చగా ఏదో అంటుకుంది."

కాళ్ళ కింది స్క్రూలు తీసి మూత లేపితే చిప్ బోసిగా కనిపించింది. భూతద్దం అందరినీ కూర్చోబెట్టాడు.

"మామూలుగా వాడితే ఇది నడుస్తుంది. వీడియో మొదలైతే వేడెక్కి ఆగిపోతుంది, ఎందుకంటే బిళ్ళ లేదు. మెకానిక్ తీసుంటే కాళ్ళను ఉత్తినే నొక్కి వదిలేసేవాడు. వదినగారైతే కోపంతో పెట్టెనే నేలకేసి కొట్టేవారు. రబ్బరును రుద్ది, సొల్యూషన్ పూసి మరీ అతికించే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే. అలవాటు, పాపం! తప్పుడు పని కూడా శ్రద్ధగానే చేశాడు."

అన్నయ్య నర్సు వైపు తిరిగాడు. "కాల్ అయిన ప్రతిసారీ తిండి మానేసి పడుకునేదానివి. పాప కనపడకపోతే మెల్లగా మరిచిపోతావనుకున్నానే," అంటూ జేబులోంచి బిళ్ళ తీశాడు.

నర్సు గడియారం చూసింది. కాల్ వేళ అవుతోంది. మెకానిక్ గబగబా బిళ్ళ బిగించాడు. తెర మీద పాప ముఖం స్పష్టంగా కనిపించింది.

"బంగారం! ఈసారి కట్ అవదమ్మా. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."

పాప పెదవి బిగించింది. "ప్రతిసారీ నువ్వే కట్ చేస్తావుగా. ఇవాళ నేను చేస్తా," అంది.

తెర నల్లబడింది. రూటర్ దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

"ఏదన్నా చెయ్యండి," అంది నర్సు, భూతద్దం వైపు తిరిగి. శిష్యుడు కూడా ఆశగా ఆయన వైపే చూశాడు. గురువుగారు స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకుంటూ తల దించుకున్నారు.