మేకుకు తగిలించిన బిళ్ళ

హార్డ్ డిస్క్ పోయింది.

2012 జూలై 11. ఉదయం 9:10. గోదావరిఖనిలోని ఒక స్కానింగ్ సెంటర్. ఎస్.ఐ. జమున వచ్చేసరికి పరిశోధకురాలు శ్రావణ్య గోడకున్న మేకు వంకే చూస్తోంది. డిస్క్ ఉన్న సంచి నిన్నటిదాకా దానికే వేలాడింది.

"ఏముంది అందులో?"

"నాలుగు వందల పన్నెండు మంది మెదడు స్కాన్లు మేడం. గడ్డ ఉంటే మన కంటికన్నా ముందే పట్టేటట్టు కంప్యూటర్‌కు నేర్పిస్తున్న. మూడేండ్ల పని. రేపు హైదరాబాద్‌ల చూపియ్యకుంటే ప్రాజెక్టు ఆపేస్తరు."

తాళం పగలలేదు. నిన్న సాయంత్రం 5:30కు గది తుడిచేటప్పుడు మాత్రం తలుపు తెరిచే ఉంది.

జమున తుడిచే లస్మవ్వను పిలిచింది.

"సంచి తీసినవా అవ్వా?"

"తలకాయల ఫోటోలు నేనేం జేసుకుంటనమ్మా? నా తలకాయే నాకు బరువైతాంది!"

జమున నవ్వు ఆపుకుంది. టెక్నీషియన్ సంపత్ వైపు తిరిగింది.

"నిన్న స్కాన్‌కు ఎవరొచ్చిండ్రు?"

"ఎవ్వరు రాలే మేడం. మిషన్ ఖరాబై సోమవారం సంది బంద్."

"మరి గిదేంది?"

మేకుకు ఇత్తడి బిళ్ళ. దానిమీద 1147.

"బొగ్గుబాయి టోకెన్ మేడం. స్కాన్‌కు ముందు ఒంటిమీది ఇత్తడి, ఇనుము తీస్తరు గద. ఎవరో మర్చిపోయిండ్రు."

"తీసినయి ఎక్కడ పెడ్తరు?"

"గా ట్రేల."

"మరి ఇది మేకుకెందుకున్నది?"

సంపత్ ఖాళీ ట్రే వంక చూశాడు.

జమున గనికి ఫోన్ చేసింది. 1147 మొగిలిది. ఇవాళ డ్యూటీకి రాలేదు.

ఇంటి నుంచి పిలిపిస్తే 11:40కు మొగిలి అందరి ముందు నిలబడ్డాడు. చంకలో సంచి.

"మా నాయిన ముప్పై ఏండ్లు బాయిల చేసిండు," అంది జమున. "బాయిలకు దిగేముందు ల్యాంపు రూంల టోకెన్ మేకుకు తగిలిస్తేనే ల్యాంపు చేతికొస్తది. ఏది తీసుకున్నా ఆ జాగల టోకెన్ పెట్టుడు అలవాటు. దొంగతనంల గూడ నీ చెయ్యి అది మర్వలే. అంతేనా కాకా?"

మొగిలి తల దించాడు.

"పోయిన వారం తీసిన స్కాన్‌ల కంప్యూటరు నా తలకాయల ఎర్ర గీత గీసిందని సంపత్ చెప్పిండు బిడ్డా. అన్‌ఫిట్ అని గనోళ్ళు రాస్తే నౌకరి పోతది. తినేటోళ్ళం ఐదుగురం."

శ్రావణ్య డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించింది. తెర వెలిగింది. మెదడు బొమ్మలో చిన్న ఎర్ర వలయం.

"ఇది డాక్టర్ల కంటికి ఆనలే కాకా. ఇంకా శెనగ గింజంతే ఉన్నది. ఇప్పుడే తీసేస్తే మళ్ళ డ్యూటీకి పోవచ్చు. డిస్క్ గోదావరిల పడేస్తే నువ్వే పోతుంటివి." ఆమె గొంతు తగ్గింది. "నిన్ననే నిన్ను పిలవాల్సింది. మీటింగ్ పనిల పడి ఆగిన. తప్పు నాది గూడ."

తను రాసిన ఫిర్యాదు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

మొగిలి చెయ్యి చాచాడు. "నా టోకెన్..."

శ్రావణ్య బిళ్ళను గుప్పిట్లో పట్టుకుంది.

"మేడం, టోకెన్ మేకుకే ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు కదా?"

"ఔ. పైకొచ్చేదాక ఎతుకుతనే ఉంటరు."

శ్రావణ్య 1147ను మళ్ళీ అదే మేకుకు తగిలించింది.

"ఆపరేషన్ అయినంక వచ్చి తీసుకపో కాకా."