తిన్నగా నడిచినవాడు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు మా హాస్టల్ వార్డెన్ ముక్కు గురించి చెప్పాలి.

ఆ ముక్కు గుమ్మం దాటిన కాసేపటికి గానీ మనిషి లోపలికి రాడు. అంత ముక్కు పెట్టుకుని ఆయనకు ఏ వాసనా తెలియదు. మూడో అంతస్తులో సీసాలు దొర్లుతుంటే, "పిల్లలు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి తయారవుతున్నట్టున్నారు" అని దిగి వచ్చేస్తాడు. భార్య కూర మాడ్చినా మెచ్చుకుని తింటాడని వినికిడి. అదృష్టవంతురాలు. సరే, ఆవిడ సంగతి ఇంకోసారి.

ముక్కు పనిచేయని చోట గీత పనిచేస్తుందని కనిపెట్టినవాడు మా వ్యాయామం మాస్టారు. ఎవరైనా ఈల ఊదితే తప్ప ఆయన తన పెళ్ళిలో కూడా కదల్లేదంటారు. ఆటల హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద పసుపుపచ్చ టేపు అంటించాడు. శనివారం మధ్యాహ్నం నుంచి పిల్లల బండి తాళాలన్నీ నా బల్ల వెనక బోర్డుకు తగిలించాలి. బండి మీద బయటికి వెళ్ళాలంటే నా ఎదురుగా ఆ టేపు మీద నడవాలి. తూలకపోతే తాళం ఇస్తాను. తూలితే ఇవ్వను. బంతులు, బ్యాట్లు, తాళాలు, ఇదీ నా ఉద్యోగం. పిల్లలు నన్ను తాళాలక్క అంటారు. చాటున ఇంకేమైనా అంటారేమో తెలియదు. ఈ కాలేజీలో నా చెవిన పడనిది లేదు గనక, అననట్టే లెక్క.

పిల్లలు తాగడం మానలేదు గానీ, నెల తిరక్కుండా నడవడం నేర్చుకున్నారు. మూడో అంతస్తు వరండాలో సుద్దముక్కతో గీత గీసుకుని, తాగి, దాని మీద సాధన చేసేవారు. ఆ శ్రద్ధలో పావువంతు చదువు మీద పెట్టి ఉంటే మా ప్రిన్సిపాల్ గారు గుండెపోటుతో పోయేవారు. అందరిలోకీ మొనగాడు బొంగరం. ఎంత తిరిగినా నిటారుగా నిలబడతాడని ఆ పేరు. వాడితో ఒకే గదిలో ఉండేవాడు దోమ. ఒంట్లో రక్తం లేదు గానీ చెవి దగ్గర గొణుగుడు మాత్రం ఆపడు.

పోయినేడు ఒక శనివారం బొంగరం వచ్చాడు. నోట్లో పుదీనా బిళ్ళ. పుదీనా కింద ఇంకో వాసన. నాది వార్డెన్ ముక్కు కాదు, తెలిసింది. వాడు దారం పట్టి లాగినట్టు గీత మీద నడిచాడు.

"చూశావుగా అక్కా. బాగానే ఉన్నాను," అన్నాడు.

రూల్లో నడక ఉంది, వాసన లేదు. తాళం ఇచ్చాను. వంతెన దాటాక ఒక మలుపు ఉంది. అక్కడ రోడ్డు తిరిగింది, వాడు తిరగలేదు.

అందరి సంగతులూ అందరికీ చెప్పేదాన్ని. ఆ వాసన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు అదే తేదీకి, అదే తేదీ అని ఎవరికీ గుర్తు లేకుండానే, కాలేజీలో తాగి నడపకూడదని సభ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు మద్యం మీద గంటన్నర మాట్లాడారు. అది విన్నాక ఎప్పుడూ తాగనివాడికి కూడా కొంచెం పుచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆ తర్వాత పెట్టెడు కళ్ళద్దాలు తెచ్చారు. అవి పెట్టుకుంటే తాగినవాడికి లోకం ఎలా కనిపిస్తుందో తాగకుండానే తెలుస్తుందట. పిల్లలు పెట్టుకుని గీత మీద నడిచారు, పడ్డారు, నవ్వారు, ఫోటోలు దిగారు. ప్రిన్సిపాల్ గారు కూడా పెట్టుకుని, నేరుగా వెళ్ళి అతిథిగా వచ్చిన డాక్టరమ్మ ఒళ్ళో కూర్చున్నారు. అది పొరపాటేనని ఆయన ఇంట్లో నమ్మారో లేదో ఇంకా తెలియలేదు. కనుక్కుంటున్నాను.

బొంగరం పేరు ఒక్కరూ ఎత్తలేదు.

సాయంత్రానికి పిల్లలంతా సెలవులకు వెళ్ళిపోయారు. బోర్డు మీద ఒక్క తాళం మిగిలింది, దోమది. అద్దాలన్నీ తుడిచి పెట్టెలో సర్దడం నా వంతు. రేకుల మీద సన్నగా వాన పడుతోంది. ట్యూబులైటు గుయ్యిమంటోంది. రబ్బరు చాపల వాసన, ఎండని చెమట వాసన. అంత పెద్ద హాల్లో నేను దగ్గితే ఆ మూల నుంచి ఇంకెవరో దగ్గినట్టు వినిపిస్తోంది. ఇంటికి వెళ్ళినా అంతేలెండి. అక్కడ హాలు చిన్నది, అదే తేడా.

ఎవరూ లేరు కదా అని ఒక జత పెట్టుకున్నాను.

నేల వంగింది. గోడలు అటు ఒరిగాయి, ఇటు ఒరిగాయి. బాస్కెట్‌బాల్ రింగు రెండైంది. పసుపు గీత పాములా మెలికలు తిరుగుతోంది. బల్ల పట్టుకున్నాను, అదీ ఊగుతోంది...

ఆ గీత చివర ఒకడు నిలబడి ఉన్నాడు.

వాడు ఊగడం లేదు.

అద్దాలు తీశాను. హాలు ఖాళీ. నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. మళ్ళీ పెట్టుకున్నాను. వాడు సగం దూరం వచ్చేశాడు. తడి బూటు టేపుకు అతుక్కుని ఊడుతున్న చప్పుడు... ఒకటి... ఇంకొకటి... లోకమంతా తూలుతోంది. వాడొక్కడే తిన్నగా వస్తున్నాడు.

పుదీనా వాసన.

"అక్కా..." గుసగుస. "తాళం..."

"నీ తాళం లేదురా," అన్నాను.

అప్పుడే తలుపు కిర్రుమంది. ఉలిక్కిపడి అద్దాలు నుదుటి మీదికి తోసేశాను. దోమ. వానలో తడిసి, కళ్ళు ఎర్రగా.

"అక్కా, నా తాళం ఇవ్వు. ఆ మలుపు దగ్గరికి వెళ్ళొస్తా."

"తాగావురా."

"కొంచెమే. ఇవాళ్టికి ఏడాదైందక్కా. ఒక్కడికీ గుర్తు లేదు. వాడు అక్కడ ఒక్కడే ఉంటాడు."

"వాడు అక్కడ లేడు," అన్నాను. ఎక్కడున్నాడో చెప్పలేదు.

"నడుస్తా, చూడు. తూలితే ఇవ్వకు."

నడిచాడు. ఏ అద్దాలూ లేని నా కళ్ళకు అడుగు తప్పకుండా కనిపించాడు. రూలు ప్రకారం ఇవ్వాలి. చెయ్యి బోర్డు మీదికి దానంతట అదే వెళ్ళింది. తాళం తీశాను కూడా. అలవాటు.

ఎందుకో అద్దాలు కళ్ళ మీదికి దించాను.

దోమ మోకాళ్ళు మడతపడుతున్నాయి. తల వేలాడిపోతోంది. వాడి వెనక బొంగరం, రెండు చంకల కింద చేతులు దూర్చి వాడిని నిలబెట్టి, అడుగులో అడుగు వేస్తూ, నా వైపే చూస్తూ నడిపించుకొస్తున్నాడు...

"చూశావుగా," అన్నాడు దోమ.

"చూశావుగా," అన్నాడు వెనకవాడు.

"ఇవ్వను," అన్నాను.

"రూలు కదక్కా!"

"రూలు లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇవ్వను. నీ నోరు కంపు కొడుతోంది. పోయినేడు వాడి నోరూ కొట్టింది. తెలిసీ ఇచ్చాను."

దోమ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వాడి తల మీదుగా ఒక చెయ్యి చాచుకొచ్చింది. తెల్లగా... నీళ్ళు కారుతూ... కొంచెం కూడా వణకకుండా...

"నేను నడుపుతానక్కా... వాడిని పడుకోనీ..."

చచ్చినవాడు రెండోసారి చావడు కదా అనుకున్నాను. ఆ చేతిలో తాళం పెట్టాను. చల్లటి వేళ్ళు ముడుచుకున్నాయి.

అద్దాలు తీశాను. దోమ ఉన్నాడు. తాళం లేదు. బయట బండి స్టార్టయింది.

"అక్కా, అది నా బండి!" అని దోమ తలుపు దగ్గరికి పరుగెత్తి, పడ్డాడు. లేపి రబ్బరు చాపల మీద పడుకోబెట్టాను. తెల్లవారేదాకా పక్కనే కూర్చున్నాను. వాడి చొక్కా వదల్లేదు. వాడి గురక వార్డెన్ గురకను మించింది.

వాడికేమీ కాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, బస్సులో తిరుగుతున్నాడు. బండి మాత్రం దొరకలేదు. పోలీసు కేసు పెట్టారు. నాలుగు రోజులకు ఒక పోలీసాయన ఆ రాత్రి వంతెన మీద కెమెరా తీసిన ఫోటో పట్టుకుని హాలుకు వచ్చాడు.

బండి మీద ఇద్దరున్నారు. నడిపేవాడి ముఖం ఉండాల్సిన చోట వాన చార తప్ప ఏమీ లేదు. వెనక కూర్చున్నామె ముఖం స్పష్టంగా పడింది.

"ఇది మీరే కదా?" అన్నాడు.

"నేనే," అన్నాను.

"ఆ టైముకి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. హాల్లో."

ఆయన రెండూ రాసుకున్నాడు.