నీళ్లోసుకున్న ఎలుక

సోమవారం పొద్దున పదిన్నరకి, పంజాగుట్టలో డాక్టర్ అచ్యుతరావు తన ల్యాబ్ తలుపు తానే తీశాడు. వచ్చినవాళ్లు రెండుసార్లు కాల్చారు. సైలెన్సర్. పక్క గదిలోకి కూడా వినపడలేదు. బోనుతో సహా తెల్ల ఎలుక మాయమైంది.

మధ్యాహ్నం లక్డీకాపూల్ ఆఫీసులో చీఫ్ చలపతిరావు ఫైలు మూశాడు.

"చక్రపాణీ, పోయింది మీ అన్నయ్య. ఈ కేసు నీకివ్వకూడదు."

"ఇవ్వండి సార్."

"ఆ ఎలుక కడుపులో పన్నెండు పిండాలున్నాయి. అవి పుట్టి పెరిగితే వాటి రక్తంలోంచి మందు తీయొచ్చట. ఇప్పుడు మాత్రం పెరగవు, చావవు. అదేంటో నాకర్థం కాలేదు."

"తల్లి పాలిస్తోంది సార్. కూనలు పాలు తాగినన్నాళ్లూ గర్భసంచి కొత్త పిండాలని ఆపి ఉంచుతుంది. ఇక పెరగండని కబురు అదే పంపాలి. అప్పుడు గోడకి అతుక్కుంటాయి."

"అతుక్కోకముందే కడిగి తీస్తే?"

"ఏ దేశం ఎలుకలోనైనా పెట్టుకోవచ్చు. అతుక్కుంటే దొంగకి పనికిరావు."

"కొనేవాడు శుక్రవారం వస్తాడు. బేగంపేటలో ప్రైవేటు విమానం. ఛాయాదేవి చెప్పింది. మన ఏజెంటే. ముఠాలో చేరి, అమీర్‌పేట ఫ్లాట్‌లో ఎలుకకి కాపలా ఉంది. శ్రీనగర్ కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. మీ అన్నయ్యకీ తెలుసు."

అన్నయ్య తెలిసినవాళ్లకే తలుపు తీస్తాడు, అనుకున్నాడు చక్రపాణి.

మంగళవారం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు. తలకి తువ్వాల, పెట్టుడు తెల్ల మీసం, భుజాన ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా. చక్రపాణి బెల్ కొట్టాడు. ఛాయాదేవి తలుపు తీసింది. ఎర్ర చీర. ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు.

"రోజూ వచ్చే మనిషి ఏడి?"

"ఊరికి పోయిండమ్మా."

మూల బోనులో తెల్ల ఎలుక కూనలకి పాలిస్తోంది.

"మస్తుగున్నదమ్మా ఎలుక. మళ్ల నీళ్లోసుకున్నదా?"

"లేదు. నిన్న నేనే స్నానం చేయించాను."

చక్రపాణి తువ్వాల చాటున పళ్లు కొరికాడు. శ్రీనగర్ కాలనీలో పుట్టిన పిల్లకి నీళ్లోసుకోవడమంటే కడుపు రావడమని తెలీదా?

"జర తాజా నీళ్లు పోస్తనమ్మా" అని ఎలుక సీసా తనే నింపాడు. ఆ నీళ్లలో అన్నయ్య ఫ్రిజ్‌లోని హార్మోన్ చుక్కలున్నాయి. గర్భసంచిని లేపే చుక్కలు. అక్కడే వదిలొచ్చిన డబ్బా అడుగున మైకు ఉంది.

సాయంత్రం మైకులో ఆమె గొంతు. ఫోన్లో ఇంగ్లీషు. "గురువారం, నాలుగింటికి." చీఫ్‌కి చెప్పింది మాత్రం శుక్రవారం. తర్వాత నవ్వింది. "ముసలాడు తలుపు తీసి, రామ్మా అన్నాడు."

ఆ ముక్క చక్రపాణి నాలుగుసార్లు విన్నాడు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"అరెస్ట్ చేసేద్దామా?" అన్నాడు చీఫ్.

"కొనేవాణ్ణి కూడా రానివ్వండి సార్. ఆ ఛాయాదేవికి వాడి చేతే చెమటలు పట్టించాలి."

గురువారం నాలుగు. చక్రపాణి ఇంకో డబ్బా భుజాన పెట్టుకుని తలుపు బయట నిలబడ్డాడు. చెవిలో ఇయర్‌ఫోన్. లోపల కొనేవాడు చిన్న స్కాన్ మిషన్ ఎలుక పొట్ట మీద పెట్టాడు.

"పన్నెండూ అతుక్కున్నాయి. చెడిన సరుకు నాకు అంటగడతావా?"

"నాకేం తెలీదు! ఒట్టు!"

పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు. ఛాయాదేవి ఏడుపు.

చక్రపాణి లెక్కపెట్టాడు. ఒకటి. అన్నయ్యకి ఈ టైము కూడా దొరకలేదు. రెండు. ఏడవనీ.

మూడు అనేలోపే తలుపు తన్నాడు. డబ్బా వెళ్లి కొనేవాడి చేతికి తగిలింది. గుండు సీలింగ్‌లో దిగింది. మెట్ల కింద కాచుకున్న పోలీసులు పైకొచ్చి వాణ్ణి పట్టుకున్నారు.

తడి నేల మీద కూలబడి ఛాయాదేవి అడిగింది. "నన్నెందుకు కాపాడావ్?"

"కాపాడలేదు. రెండు నిమిషాల్లో పోతే నాకేం మిగులుతుంది? ముసలైందాకా లోపలుండు."

"ఎలుకకి ఏం చేశావ్?"

"మొన్న అడిగాను కదా, నీళ్లోసుకుందా అని. ఇప్పుడోసుకుంది. జైల్లో తీరిక ఉంటుంది. తెలుగు నేర్చుకో."

రెండు వారాలకి పంజాగుట్ట ల్యాబ్‌లో ఎలుక పన్నెండు కూనల్ని కన్నది. బోనులు కడిగే మంగవ్వ అన్నింటికీ అచ్యుతరావు అనే పేరు పెట్టింది.

"పిలిస్తే ఒక్కటి సుత పలుకుతలేదు సారూ" అంది.

"ఫికర్ చెయ్యకు మంగవ్వా" అన్నాడు చక్రపాణి. "పనిలో ఉంటే మా అన్నయ్య కూడా పలికేవాడు కాదు."