మూడేళ్ల అరువు

"ఎర్ర బట్ట ఆరు గజాలు కావాలి."

"ఎవరి చావుకి?"

"ఇంకా చావలేదు."

కోడ్ కలిసింది. కొట్టు వెనక తలుపు తెరుచుకుంది. లోపల ఆంటీ సెర్వా వేయించిన అరటిముక్కలు నములుతూ కూర్చుంది. బొంక్రోమ్ మార్కెట్‌కు ఆవిడ బట్టల బేరగత్తె. ఘనా ఇంటెలిజెన్స్‌కు చీఫ్.

"కూర్చో, ద్వొమో. రేపు యూరప్ నుంచి రాజు ఆల్బ్రెక్ట్ దిగుతున్నాడు. వాళ్ల ముత్తాత సైన్యం మన ఊరు తగలబెట్టి ఎత్తుకెళ్లిన రాణమ్మ పీట తిరిగి ఇస్తాడట. మూడేళ్లకు, అరువు."

"మన పీట మనకే అరువా? సిగ్గులేదూ వాళ్లకి!"

"సిగ్గు సంగతి తర్వాత. దోపిడీ సొమ్ము అమ్ముకుని బతికే ముఠా ఒకటుంది అక్కడ. కెమెరాల ముందు పీట కాలి బూడిదవ్వాలని వాళ్ల ప్లాన్. 'వీళ్లకు దాచుకోవడం చేతకాదు' అనిపించాలి. అప్పుడు మిగతా సొత్తు ఒక్కటీ తిరిగి రాదు."

ద్వొమోకు ఒళ్లు మండిపోయింది. అతని ముత్తవ్వ పోయింది ఆనాటి మంటల్లోనే.

"మన మనిషి ఎవరు?"

"అదెల్. రాజుగారి ప్రోటోకాల్ ఆఫీసర్. ఏడాదిగా మనకు కబుర్లు చేరవేస్తోంది. బాంబు పెద్ద డప్పులో ఉంటుందంది."

మర్నాడు మిట్టమధ్యాహ్నం మైదానం కిటకిటలాడుతోంది. రాణమ్మ నానా బొటివా పరాయివాళ్లతో నేరుగా మాట్లాడదు. ఆమె మాట పైకి చెప్పే పెద్దమనిషి వేషంలో, బంగారు పిడి కర్ర పట్టుకుని ద్వొమో పక్కనే నిలబడ్డాడు. కర్ర పిడిలో వైర్‌లెస్ ఉంది.

వేదిక మీద తెర వెనక నుంచి అదెల్ బయటికి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, ఎత్తు మడమల చెప్పులు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

"పీట చెక్ చేశాను. అంతా భేష్," అని కన్ను గీటి పోయింది.

వైర్‌లెస్ గరగరలాడింది. "సార్, డప్పు విప్పాం. ఏమీ లేదు!"

అప్పటికే రాజుగారు తెర లాగేశాడు. జనం కేకలు పెట్టారు. ద్వొమో మాత్రం పీట వైపు అడుగేశాడు.

పీట నిటారుగా నిలబడి ఉంది!

పొద్దున మోసుకొచ్చిన ఊరివాళ్లు దాన్ని పక్కకు ఒరిగించి వెళ్లారు. ఖాళీ పీట నిలబెడితే దిక్కులేని దయ్యమేదో వచ్చి కూర్చుంటుంది. ఈ ఊళ్లో నాలుగేళ్ల పిల్లకైనా తెలుసు. కుర్చీలాగా నిలబెట్టింది ఈ మట్టిలో పుట్టిన చెయ్యి కాదు. తెర వెనక్కి వెళ్లిన పరాయి మనిషి ఒక్కతే.

ఓసి మాయలాడీ!

ఒక్క దూకులో వేదికెక్కి పీట తలకిందులు చేశాడు. నడుమ బోలులో టైమర్. తొమ్మిది. ఎనిమిది. పీకితే ఊడలేదు. ఆరు. గోళ్లు విరిగి నెత్తురొచ్చింది. మూడు. ఊడొచ్చింది. వేదిక పక్కనున్న మురిక్కాలవలోకి విసిరికొట్టాడు.

ఢాం!

బురదంతా ఎగిరి రాజుగారి తెల్ల యూనిఫాం మీద పడింది. అదెల్ పరుగందుకుంది. మార్కెట్ ఆడవాళ్ల వరసలోంచి ఒక లావుపాటి కాలు అడ్డం వచ్చింది.

"చూసుకుని నడవాలి కదమ్మా!" అంటూ ఆంటీ సెర్వా పడ్డదాని చేతులకు బేడీలు తగిలించింది.

బురద తుడుచుకుంటూ రాజుగారి సెక్రటరీ అరిచాడు. "ఇక్కడ భద్రత లేదు! పీట ఇప్పుడే వెనక్కి తీసుకుపోతున్నాం!"

బాంబు ఆపినా ముఠాయే గెలిచేట్టుంది.

ఎనభయ్యారేళ్ల నానా బొటివా లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేదికెక్కింది. పీట సరిచేసి, దాని మీద నిండుగా కూర్చుంది. ఊరి పెద్దలంతా మోకరిల్లారు.

తర్వాత ఆమె నోరు విప్పింది. రాజుగారి ముత్తాత మొదలుకొని ఏడు తరాలనూ తన భాషలో కడిగిపారేసింది. ఆడవాళ్లు చప్పట్లు చరిచారు.

"రాణిగారు ఏమంటున్నారు?" అడిగాడు రాజు, బెరుకుగా.

ద్వొమో గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదు దొరా. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి కూర్చుంటే లేవడం కష్టమట."