క్రిస్మస్ సంచికలో నాన్న

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా టీచరమ్మ చెల్లెలి ఇంటికి వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగి, భోజనాల బల్ల మీద విద్యార్థుల కాగితాలు పరుచుకుని కూర్చుంది. పక్క గదిలో చెల్లెలి కుట్టు మిషను అప్పటికే గడగడలాడుతోంది. పిల్లల పండగ గౌన్లు ఇంకా సగం కూడా పూర్తి కాలేదు. వరండాలో వేలాడదీసిన కాగితపు నక్షత్రంలో బల్బు ఆర్పడానికి కూడా ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు.

టీచరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకు కథలు రాయడం నేర్పుతుంది. ఏటా తరగతి అంతా కలిసి ఒక క్రిస్మస్ సంచిక వేస్తారు. ముందు పేజీల్లో ఆవిడ తలపోతలు, వెనక విద్యార్థుల కథలు. నెల మొదట్లోనే వచ్చిన ఈసారి సంచికలో ఆవిడ నాన్న గురించి రాసింది. కిందటి క్రిస్మస్‌కు ఆయన మంచాన పడ్డప్పుడు గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవడం, గోళ్ళు తీయడం, వణికే పాదాలను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, అన్నీ రాసింది. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, "కూతురంటే మీరండీ" అన్నారు. ఆవిడ కాదనలేదు.

నిజానికి ఆ సేవ చేసింది చెల్లెలు. టీచరమ్మ ఫోన్లో విన్నదంతే. కానీ "నేను" అని రాస్తేనే చదివేవాళ్ళ గుండెకు తగులుతుందని తరగతిలో చెప్పేది ఆవిడే. చెప్పిన పాఠం తనే పాటించకపోతే ఎలా?

"చిన్నదానా, ఆ కథ చదవవే!" అని నాన్న తన గదిలోంచి కేకేశాడు.

మిషను ఆగింది. మెడలో కొలతల టేపుతోనే చెల్లెలు వెళ్ళి, ఆయన దిండు కింద నుంచి క్రిస్మస్ సంచిక తీసింది. బాగా నలిగిపోయి ఉంది. "నేను నాన్న పాదాలను ఒళ్ళోకి తీసుకున్నాను" అని మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోకుండా, కూరగాయల ధరలు చదివినట్టు చదివేసింది. గుమ్మంలో నిలబడిన టీచరమ్మకు తన వాక్యాలు తనకే ఇబ్బందిగా వినిపించాయి.

"పెద్దది లేకపోతే నేను ఆ పండగ చూసేవాణ్ణా?" అన్నాడు నాన్న. ఏడాదిగా ఆయనకు మతిమరుపు ముదిరింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఎంతో మర్యాదగా, "నువ్వు కూడా అప్పుడప్పుడూ వచ్చి పోతుండమ్మా. రాకపోకలుంటేనే కదా బంధుత్వం" అన్నాడు.

"అలాగే నాన్నా" అని చెల్లెలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టీచరమ్మ వెనకాలే వెళ్ళింది. "రోజూ చదువుతున్నావా?"

"పొద్దునోసారి, సాయంత్రం ఓసారి. చదవనంటే మూతి ముడుచుకుంటాడు."

"చేసింది నువ్వని చెప్పొచ్చుగా!"

"చెప్పాను. 'అచ్చులో ఉంటే నీ మాటేంటి' అన్నాడు."

"అది కథే. కథలో నేను అంటే నిజంగా నేనేనని కాదు..."

"ఆ కబుర్లు నీ క్లాసులో చెప్పుకో అక్కా!" చెల్లెలు చేతిలో గిన్నె ఠంగుమని పెట్టింది. "ఊరంతా నిన్ను మెచ్చుకుంటే నా సొమ్మేం పోయింది? కానీ నాన్నకి గుర్తున్నదే గుప్పెడు. అందులో నా చోటు కూడా నువ్వే తీసేసుకున్నావు. నేనీ ఇంటికి చుట్టపు చూపుగా వచ్చానట, విన్నావుగా?"

టీచరమ్మ ఆ గిన్నె తీసి తుడవబోతే చెల్లెలు లాక్కుంది.

"పైగా ఎంత ఓపిక ఉన్నట్టు రాశావు! నేను తిట్టాను, తెలుసా? పక్క తడిపినప్పుడల్లా తిట్టాను. మాత్ర ఉమ్మేస్తే, 'నన్ను చంపుకు తింటున్నావు కదా నాన్నా' అని అరిచాను. నీకు ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను కూడా. అదెక్కడ నీ కథలో?"

"బాగుండదని... తీసేశాను."

"అవును. బాగుండదు" అంటూ చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుంది.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలు ఫోన్లో అలా ఏడ్చిన రోజు తానెక్కడుంది? కిందటేటి సంచిక ఆవిష్కరణ సభలో, వేదిక మీద. సెలవు దొరకలేదని అబద్ధం చెప్పింది. మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నా, సాయంత్రం దాకా విద్యార్థుల కాగితాల మీద ఒక్క అక్షరం దిద్దడానికి కూడా ఆవిడకు చెయ్యి రాలేదు. తప్పులు దిద్దే అర్హత తనకేదీ అనిపించింది.

సాయంత్రం నాన్న మళ్ళీ కథ అడిగాడు. టీచరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"చిన్నది నాన్న పాదాలను ఒళ్ళోకి తీసుకుంది..."

"తప్పు చదువుతున్నావు. కళ్ళజోడు పెట్టుకో."

"రాసిందే తప్పు నాన్నా. నేనప్పుడు ఇక్కడ లేను. రమ్మన్నా రాలేదు."

"అచ్చులో ఉందిగా?"

"అచ్చులోనే అబద్ధం రాశాను." సంచిక మూసేసి, కాగితంలో లేనిది చెప్పసాగింది. "నాన్న మాత్ర ఉమ్మేశాడు. చిన్నది నడుం మీద చేతులేసుకుని, నన్ను చంపుకు తింటున్నావు కదా అని అరిచింది. అరిచి, ఇంకో మాత్ర తేనెలో కలిపి తెచ్చింది. తిడుతూనే పక్క మార్చింది. తిడుతూనే తల దువ్వింది."

పక్క గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

"తిట్టిందా?" అన్నాడు నాన్న.

"రోజూ తిట్టింది నాన్నా."

"గట్టిగానా?"

"ఇల్లెగిరిపోయేలా."

ఆయన ముఖం విప్పారింది. "అయితే అది నా చిన్నదే! పెద్దది నన్నెప్పుడూ ఒక్క మాటనలేదు. పక్కనుంటే కదా తిట్టడానికి!"

ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకు తెలియదు. టీచరమ్మ తల వంచుకుని, "అవును నాన్నా" అంది. కన్నీళ్ళు సంచిక అట్ట మీద పడ్డాయి.

చెల్లెలు మందు గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. దాని కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. "నాన్నా, ఈసారి ఉమ్మేశావంటే ఊరుకోను, చెబుతున్నా!"

"ఇదిగో, చిన్నది వచ్చింది" అని నాన్న బుద్ధిగా నోరు తెరిచాడు.

మందు పట్టి, మూతి తుడిచి, చెల్లెలు అక్క వైపు చూసింది. "రేపు కూడా నువ్వే చదువక్కా, ఇలాగే. నా గురించి నేను చదివితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది."

"సెలవులైపోయాక?"

"ఫోన్ చెయ్యి. స్పీకర్ పెడతాను." వెళ్తూ వెళ్తూ ఆగింది. "తిట్లు మాత్రం ఒక్కటి కూడా వదిలిపెట్టకు."