దాల్చా తగాదా, మక్కా ప్రయాణం

ఉమ్రాకు బయల్దేరే రోజు తెల్లారగానే జైతూన్‌బీ పక్కింటి శంకరమ్మ వాకిట్లో నిలబడింది. మక్కా, మదీనా యాత్రకు పోయేవాళ్ళు ముందుగా అయినవాళ్ళనూ ఇరుగుపొరుగునూ కలిసి మాఫీ అడిగి వెళ్ళడం ఆనవాయితీ. తాండూరులో ఆ వీధిలో జైతూన్‌బీ నోట పడనివాళ్ళు లేరు. అందుకే కొన్నాళ్ళుగా ఆమెకు అదే పని.

“శంకరమ్మా, అన్నవి పడ్డవి మనసుల వెట్టుకోకు. మాఫ్ చెయ్.”

“చేస్త గని, మొన్న మా మేక మీ కరివేపాకు తిన్నదని చీపురు ఇసిరినవ్ జూడు, గది గూడ కలిపి అడుగు.”

“గది గూడ.”

“దాని పిల్లను గూడ కొట్టినవ్.”

“మీ మంద మొత్తానికి మాఫీ అడుగుతున్న. సరేనా?”

శంకరమ్మ నవ్వి ఆమె మెడలో బంతిపూల దండ వేసింది. “మా మేకలు మంచిగుండాలని ఆడ జర మొక్కు” అని కూడా పురమాయించింది.

ఇంట్లో కోడలు నస్రీన్ సూట్‌కేసు మీద కూర్చుంటే, కొడుకు ఇలియాస్ జిప్పు లాగుతున్నాడు. లోపల ఉన్నది తాండూరు కందిపప్పు. అరబ్బు దేశంలో మంచి పప్పు దొరకదని జైతూన్‌బీ గట్టి నమ్మకం.

“అందరినీ అడిగినవా అమ్మీ?”

“పాలాయనను గూడ ఇడువలే.”

“మరి వికారాబాద్ ఖాలా?”

జైతూన్‌బీ ముఖం మాడిపోయింది. ఖాలా అంటే ఆమె సొంత అక్క మస్తాన్‌బీ. ఇలియాస్ పెళ్ళి విందులో, బిర్యానీలోకి చేసిన పప్పుకూర దాల్చాను రుచి చూసి, నలుగురి ముందూ “తాండూరు పప్పు చేతిల పెట్టుకోని దాల్చా గింత నీళ్ళగ చేసిందేందమ్మా నా చెల్లె” అన్నది. ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

“ఇంటోళ్ళ గ్రూపుల వాయిస్ వెట్టిన గద. అందరికీ అందుల్నే అయిపాయె.”

“గ్రూపులకెళ్ళి ఖాలాను తీసేయించింది నువ్వే గద!”

“తప్పు ఆమెది. నేనెందుకు అడగాలె?”

ఇంటాయన ఖాసీంసాబ్ నాపరాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర పనిచేసి చేసి చెవులు సగం పోగొట్టుకున్నాడు. అవసరమైనవి మాత్రం బాగానే వినపడతాయి.

“మనిషి మనసు నొప్పిస్తే ఆ మనిషే మాఫ్ చెయ్యాలంట. మౌలానా చెప్పిండు గద. కాబా ముందట నిలవడి ఏం జెప్తవే? దాల్చా ముచ్చట జెప్తవా?”

జైతూన్‌బీ అంతెత్తున లేవబోయి చతికిలబడింది. “అమ్మ పోయినంక నాకు తల దువ్వింది ఆపానే. ఫోన్ జేస్తే ఎత్తకపోతే? మాఫ్ చెయ్యనంటే? గప్పుడు ఏం మొఖం వెట్టుకోని పోవాలె?” అంటూ అక్కను తలుచుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నస్రీన్ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

విమానాశ్రయానికని ఎక్కిన రైలు వికారాబాద్‌లో ఇట్టే ఆగి అట్టే కదులుతుంది. అటువైపు చూడనే కూడదనుకున్న జైతూన్‌బీ, స్టేషన్ రాగానే కిటికీకి ముఖం ఆనించింది. ప్లాట్‌ఫారం మీద మస్తాన్‌బీ! చేతిలో టిఫిన్ డబ్బాతో, నొప్పుల మోకాళ్ళతో కుంటుకుంటూ ప్రతి కిటికీలోకీ తొంగిచూస్తోంది.

“ఆపా! గిటు! గిటు!”

మస్తాన్‌బీ వచ్చి ఊచలు పట్టుకుంది.

“ఆపా, మాఫ్ చెయ్.”

“నువ్వెందుకడుగుతవే? అన్నది నేను. నేనడగాలె.”

“పోయేది నేను. అడగాల్సింది నేను.”

“పెద్దదాన్ని! నోర్మూసుకోని నన్ను అడగనియ్యి!”

“ఎప్పుడు జూసినా నీ మాటనే నెగ్గాలె!”

ఇలియాస్ తల పట్టుకున్నాడు. రైలు కూసింది. డబ్బా ఊచల్లో పట్టక, అతను తలుపు దగ్గరికి ఉరికి అందుకున్నాడు.

“మాఫ్ చేసిన, పోవే!” అక్క వెంట నడుస్తూ అరిచింది. “ఆడ నా పేరు జెప్పు!”

జైతూన్‌బీకి ఏడుపు తన్నుకొచ్చింది. “ఆపా! గా దినం జనం ఎక్కువైండ్రు! నేనే బిందెడు నీళ్ళు పోసిన! దాల్చా నీళ్ళే ఉండె!”

రైలుపెట్టె మొత్తం విన్నది. ఖాసీంసాబ్‌కు కూడా వినపడింది.

డబ్బా నిండా చిక్కటి దాల్చా. జైతూన్‌బీ ముక్కు చీదుకుంటూ ఒక ముద్ద తిని, “ఉప్పు తక్కువైంది” అన్నది. అంటూనే ఎవరికీ పెట్టకుండా డబ్బా ఖాళీ చేసింది.

మదీనాలో బస్సువాళ్ళు పవిత్ర స్థలాలన్నీ తిప్పి చూపించారు. ఉహుద్ కొండ దగ్గర ఖాసీంసాబ్ కళ్ళు తుడుచుకుని, “మన అనంతగిరి లెక్క చెట్లు లేవు గని, చూస్తుంటే గుండె నిండుతున్నది” అన్నాడు. ఖుబా మసీదులో నమాజు చేసి జైతూన్‌బీ చేతులు చాపి కూర్చుంది. వీధి వీధంతా అప్పగించిన కోరికలు బోలెడున్నాయి. పెదవులు ఎంతసేపు కదిలాయో, చెంపలు తడిసిపోయాయి.

బయటికి రాగానే నస్రీన్ ఫోన్ అందించింది. గ్రూపులోకి మళ్ళీ వచ్చిన మస్తాన్‌బీ గొంతు అందులోంచి గద్దించింది. “ఏమే, నా పేరు జెప్పినవా, మరిచినవా?”

జైతూన్‌బీ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

“శంకరమ్మ మేకల కన్నా ముందు నీ మోకాళ్ళ సంగతే జెప్పిన ఆపా. మళ్ళ ఈడికి పిలిస్తే ఇద్దర్నీ కలిపి పిలువుమని మొక్కిన.”