రంగుతో గీసిన రెక్క

ఆవిడ మూట విప్పి డిటెక్టివ్ బల్ల మీద పెట్టిన రాతి చేప కోట్ల ఏళ్ళ నాటిదని పేరు. ఒక మూల విరిగి ఉంది.

"హోటల్ హాలు గోడకి నేనిచ్చింది అసలు శిలాజమేనండీ," అందావిడ. "తుడుస్తుంటే పడి విరిగిందట. చూస్తే రాయే కాదు. సాయంత్రంలోగా అసలుది తేకపోతే నన్ను దొంగని చేసి ఊరంతా చెబుతానంటున్నాడు యజమాని. చట్రం బిగించింది మా తమ్ముడు. వాడే మార్చేశాడనుకుని నిన్న వాణ్ణి నానా మాటలూ అన్నాను."

డిటెక్టివ్ కాల్చిన సూదిని విరిగినచోట ఆనించాడు. ప్లాస్టిక్ కమురు వాసన వచ్చింది. వేలితో తడిమితే ముళ్ళన్నీ తగిలాయి. వీపు రెక్క మాత్రం నున్నగా ఉంది, ఉత్త రంగు. అసిస్టెంటూ గంభీరంగా తడిమాడు గానీ, వేలికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"అసలు చేప మీది రాయి చెక్కి తీసిందెవరు?"

"నేనే, మా షెడ్డులో, సూదితో. సగంలో చెయ్యి విరిగింది. పిండికట్టు విప్పాక మళ్ళీ కూర్చుంటే అప్పుడు బయటపడింది ఆ రెక్క. ఇక దాన్ని వదిలి లేవలేదు. తమ్ముడు అప్పుడే ఊరి నుంచి వచ్చి నా ఎదురుగానే చట్రం బిగించాడు. మా ఆయన వ్యాన్‌లో హోటల్‌కి చేర్చారు."

"కట్టు ఉన్నన్నాళ్ళూ షెడ్డు తాళం?"

"ఆయన దగ్గరే. పాపం, అన్నీ ఆయనే చూసుకున్నారు."

మధ్యాహ్నం ఆవిడతో పాటు భర్తనీ తమ్ముణ్ణీ హోటల్ యజమానినీ ఆ షెడ్డులో కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"అసలు చేప రెక్క ఉబ్బుగా ఉంటుంది. దానికి అచ్చు తీస్తే రెక్క కూడా పడాలి. పడలేదంటే, అప్పటికి రెక్క ఇంకా రాయి కిందే ఉంది. అంటే ఈవిడ చేతికి కట్టున్న రోజులు. తమ్ముడు ఊళ్ళోనే లేడు. తర్వాత చూసి రెక్కని రంగుతో గీశారు, దారిలో చట్రం విప్పి మార్చారు. తాళం, వ్యాను రెండూ ఒక్కరి చేతిలోవే."

భర్త నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"పేరంతా నీది," అన్నాడు భార్యతో. "నేను వ్యాన్ తోలేవాణ్ణి. అమ్ముకుని నా దారి నేను చూసుకుందామనుకున్నాను. సీటు కిందే ఉంది, తెచ్చుకోండి."

తమ్ముడు వెళ్ళి అసలు చేపని తెచ్చాడు. యజమాని తడిమి చూసి, తొందరపడ్డానమ్మా అన్నాడు. ఆమె పరువు దక్కింది. ఆమె ఆ రాయి వైపైనా చూడలేదు.

"చెయ్యి విరిగినన్నాళ్ళూ పొద్దున్నే నాకు జడ వేసేవారు కదండీ," అంది భర్తతో. "వేసి, తిన్నగా ఇక్కడికొచ్చేవారా?"

అతను తల దించుకున్నాడు. ప్రతి కేసు చివరా గురువుగారిని ఆకాశానికెత్తే అసిస్టెంటు ఆ రోజు విరిగిన ప్లాస్టిక్ చేపని మళ్ళీ మూట కట్టాడు.